మూడు గంటల పులిహోర

ఆ రోజుల్లో ఆకలి అడగకుండానే వేసేది. ఇప్పుడు నాకు భోజనానికి అరగంట ముందు ఒక మాత్ర, తిన్నాక ఇంకో మాత్ర; మధ్యలో అన్నం ఉందన్న సంగతి ఒక్కోసారి గుర్తే ఉండదు. నలుగురం చేరి జన్మలో తిన్న గొప్ప భోజనం ఏదని మొదలుపెడితే, గోదావరి వాళ్ళం కదా, ఒకరు పులస అంటారు, ఒకరు భీమవరం పెళ్ళిలో తిన్న రొయ్యల వేపుడు అంటారు. నేను మాత్రం గుడ్ ఫ్రైడే నాడు మూడు దాటాక మా చర్చి వెనక విస్తరాకులో తిన్న చింతపండు పులిహోర అంటాను. అందరూ నాకేసి జాలిగా చూస్తారు. చూడనివ్వండి.

ఆ రోజు మా సంఘంలో ఎవరూ పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన; ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించాలి. తలా పావుగంట. (మొదటి మాట ఎప్పుడూ ఒక రిటైర్డ్ హెడ్మాస్టారుగారిది. పావుగంట ఆయనకి గొంతు సవరించుకోవడానికే చాలేది కాదు.) ఆ తర్వాత ఉపవాసం విడిచేది మా మేనత్త చేసిన పులిహోరతో. వండేది ఆవిడే అయినా ఆవిడకీ ఉపవాసమే, కాబట్టి రుచి చూడకూడదు. ఉడుకుతున్న పులుసు మీదకి వంగి, ఒక్కసారి వాసన పీల్చి, ఉప్పు సరిపోయిందనేది. అన్నేళ్ళలో ఒక్కసారి తేడా రాలేదు. ఆ ముక్కంటే మా వాళ్ళందరికీ భక్తి, కొంచెం భయం కూడా.

ఆ ఏడు నాకు ధవళేశ్వరంలో, ఇరిగేషన్ ఆఫీసులో కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఉద్యోగస్తురాలినయ్యానని అయ్యగారు (మా వైపు పాస్టరుగారిని అలాగే అంటాం) నన్ను ఐదో మాట మీద మాట్లాడమన్నారు. అది దాహం గురించినది. అదే ఏడు కమిటీలో ఒక పెద్దాయన, మా అత్తకి వయసైపోయిందనీ, ఈసారి ఉప్పూ పులుపూ ఏ కాస్త అటూ ఇటూ అయినా వచ్చే ఏడాది నుంచి కేటరింగ్ వాళ్ళకి చెప్పేద్దామనీ అన్నారట. ఆ మాట అత్త చెవిన పడింది. ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడయ్యాయి.

మూడో మాట నడుస్తుండగా అత్త కిటికీలోంచి సైగ చేసింది. చర్చి వెనక వంటపాకలోకి వెళ్తే, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"జలుబే అమ్మడూ, ముక్కు పనిచెయ్యట్లేదు. నీదీ మనింటి ముక్కేగా. కాస్త వాసన చూసి ఉప్పు సంగతి చెప్పు" అని, అన్నం ఆరిందో లేదో చూసొస్తానని అటు తిరిగింది.

నేను వంగి పీల్చాను. ఇంగువ తెలిసింది, కరివేపాకు తెలిసింది, పొయ్యి పొగ బాగా తెలిసింది. ఉప్పు మాత్రం తెలియలేదు. ఇంత మందీ మొదటి ముద్దకే మొహం చిట్లిస్తే అత్త ఏమైపోతుందని భయమేసింది. చిటికెన వేలు ముంచి నాకేశాను. (నిర్ధారణ కోసం ఇంకోసారి, ఈసారి గరిటెతో.) కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత ఉప్పు.

ఎక్కువైందని చెప్పాను. అత్త నాకేసి ఓ క్షణం చూసింది.

"వాసన చూసే చెప్తున్నావా?"

"వాసనే అత్తా."

సరే వెళ్ళమంది. నేను గుమ్మం దాటకముందే ఆ పులుసంతా అన్నం మీద కుమ్మరించేసింది.

ఇక నా ప్రసంగం. నాలుక అంగిలికి అంటుకుపోయింది. మాటకీ మాటకీ మధ్య మింగడానికి ఉమ్మి లేదు. రాసుకున్న కాగితం వదిలేసి, దాహమంటే ఏంటో తడుముకుంటూ చెప్పాను. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, కాకపోతే పులిహోర తలుచుకుని. అయ్యగారు ఆ తర్వాత, అనుభవించి చెప్పావమ్మా అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం.

మూడింటికి బారులు తీరి కూర్చున్నాం. భయపడుతూనే మొదటి ముద్ద పెట్టుకున్నాను. ముందు దవడల దగ్గర పులుపు జిల్లుమంది, వెనకే మిరపకాయ ఘాటు, పంటికింద పల్లీ. ఉప్పు ఎక్కడుందో వెతికినా విడిగా దొరకలేదు. పొద్దుటి నుంచి ఎండిపోయిన ఒళ్ళంతటికీ ఆ ముద్ద చేరినట్టనిపించింది. దేవుడు ఉన్నాడని నేను చాలాసార్లు విన్నాను గానీ, ఆ మధ్యాహ్నం నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. కమిటీ పెద్దాయన మూడోసారి కూడా వడ్డించమన్నారు.

గిన్నెలు తోముతున్న అత్త దగ్గర చేరి, జరిగింది ఒప్పేసుకున్నాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"పిచ్చిదానా, ఉప్పు వాసనకెక్కడ తెలుస్తుందే? నాలిక్కి ఎక్కువైన పులుసే అన్నానికి సరిపోద్ది."

"మరి నా ఉపవాసం?"

"నాకోసం పోగొట్టుకున్నావు. అది నేను దేవుడితో మాట్లాడుకుంటాలే."

మాట్లాడే ఉంటుంది. ఆవిడ వెళ్ళిపోయి చాలా కాలమైంది, ఆ గరిటె నా చేతికొచ్చింది. నా ముక్కు గురించి కూడా సంఘంలో గొప్పగానే చెప్పుకుంటున్నారు. ఏటా మూడో మాట వేళకి ఎవరో ఒక పిల్లని కిటికీలోంచి సైగ చేసి పిలుస్తాను. ఇంత ఎండల్లో ఈవిడకి ఏటా సరిగ్గా గుడ్ ఫ్రైడే నాడే జలుబు ఎలా చేస్తుందండీ అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.