ఒకటో నంబరు తెలుపు

“పసుపంటే పసుపే అని తేల్చేస్తావేంట్రా బోర్డూ? నా చేతి మీదుగా నలభై రకాల పసుపులు పోయాయి. నా కళ్లలోకి వచ్చింది నలభై ఒకటోది. దానికి ఏ కంపెనీ కార్డులోనూ పేరు లేదు.”

ఇంతవరకూ చెప్పి చుక్కల బాబాయి మంచం మీద వీపు వెనక దిండును కాస్త కిందికి జరుపుకున్నాడు. ఎదురుగా స్టూలు మీద, దుకాణాలకు బోర్డులు రాసే మిత్రుడు కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా రంగు డబ్బాల కోసం ఆయన దగ్గరికి వస్తూ పోతూ, వరసలేని చుట్టమైపోయినవాడు. లోపలి గదిలో బాబాయి భార్య కుట్టు మిషన్ తొక్కుతోంది. దిండు గలీబులు కుట్టి కొట్లకు వేయడం ఆవిడ పని. ఆ మిషన్ గడగడమంటున్నంతసేపే బాబాయి నోరు విప్పుతున్నాడు. అది ఆగితే ఆయనా ఆగి గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు. ఆ సంగతి బోర్డు కనిపెట్టాడేమోనని ఆయనకు ఒక పక్క అనుమానం.

చుక్కల బాబాయి అంటే ఏ చుక్కలోనని కొత్తవాళ్లు మూతి ముడుస్తారు. ఆయన జన్మలో ఆ చుక్క ముట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా రంగుల కొట్టులో పని. కలిపే మిషన్లు రాని రోజుల్లో తెల్లరంగు బకెట్‌లో ముదురు రంగులు చుక్క చుక్క వేసి, గోడలకు పెయింటర్లు అడిగిన ఛాయ తెప్పించేవాడు. మిషన్ వచ్చాక కూడా పాత పెయింటర్లు మూత తీసి, “ఇది వేసింది సరే, నువ్వోసారి చూడు బాబాయ్” అనేవారు. ఆయన వేలికి ఇంత అంటించుకుని గుమ్మంలోకి వెళ్లి ఎండలో చూసి, “రెండు చుక్కలు నలుపు తగ్గింది” అంటే తగ్గిందన్నమాటే.

ఆయనకు రెండు కట్టుబాట్లు. రంగును ట్యూబులైటు కింద చూడకూడదు, పొద్దున పదింటి వెలుతురులో చూడాలి. కలిపినవాడే చూసి తేల్చకూడదు, పక్కమనిషితో చూపించాలి. “కలిపినవాడి కన్ను కలిపిన రంగు వైపే మొగ్గుతుందిరా. కన్నతల్లికి పిల్లాడి వంకర కాళ్లు కనపడవు చూడు, అలాగ” అనేవాడు.

ఏడాదిన్నర కిందట ఒకరోజు కొట్టు అద్దంలో తన కళ్లు తానే చూసుకుని ఉలిక్కిపడ్డాడు. అప్పటికి వారం రోజులుగా అరచేతులు ఒకటే దురద. టర్పెంటైన్ పడలేదనుకున్నాడు. పక్కనున్న గుమాస్తాను గుమ్మంలోకి లాక్కెళ్లి, కంటి పక్కన ఛాయల కార్డు పట్టి, “ఏ నంబరురా?” అన్నాడు. గుమాస్తా నవ్వాడు. తర్వాత కార్డు వంక చూశాడు. తర్వాత నవ్వలేదు.

కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి దిగే గొట్టంలో గడ్డ అన్నారు. మంచిది కాదన్నారు. ఎనిమిది గంటలు కోశారు. గొట్టాన్నీ, కాలేయంలో ఒక ముక్కనూ తీసేసి, పేగును పైకి లాగి అతికించారు. ఇంటికి పంపేరోజు పెద్ద డాక్టరు మంచం అంచున కూర్చుని నిదానంగా చెప్పాడు.

“కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదు. కానీ ఈ జబ్బు జిత్తులమారిది. గడ్డ ఉన్నప్పుడే, మా కంటికి ఆనని కణాలు కొన్ని రక్తంలో పడి వెళ్లిపోయి ఉండొచ్చు. ఎక్కడో దూరంగా, ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో కూర్చుని మెల్లగా పెరగొచ్చు. అందుకే ఒంట్లో బాగున్నా సరే, నాలుగు నెలలకోసారి స్కానుకు రావాలి.”

బాబాయి తలూపాడు. చెవులు విన్నాయి గానీ, బుర్ర మాత్రం తనకు తెలిసిన ముక్కనే పట్టుకుంది. జబ్బు పసుపుతో వచ్చింది, వస్తే మళ్లీ పసుపుతోనే వస్తుంది. ఇంకేం, పసుపును పట్టుకోవడానికి తనకంటే మొనగాడెవడు?

అప్పటి నుంచీ రోజూ పొద్దున పది గంటలకు ఇంటి గుమ్మంలో ఆ తంతు. ఆయన కింది రెప్ప కిందికి లాగి పట్టుకునేవాడు. భార్య కార్డు పట్టుకుని చూసేది. అందులో మొట్టమొదటి గడి మచ్చలేని తెలుపు. ఒకటో నంబరు.

“ఎంత?”

“ఒకటి.”

“సరిగ్గా చూశావా?”

“ఇన్నేళ్ల కాపురంలో మీ కళ్లలోకి ఇంతసేపు ఎప్పుడైనా చూశానా? ఇప్పుడు రోజూ చూస్తుంటే సరిగ్గా చూడలేదంటారు!”

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వుతో ఆ రోజు గడిచినట్టే.

రెండు స్కాన్లు బాగానే వచ్చాయి. మూడోదాని తారీఖు దగ్గర పడేసరికి బాబాయికి ఆ గుండ్రటి స్కాను మిషన్ తలుచుకుంటేనే నాలుక పిడచకట్టుకుపోయేది. లోపలికి పోయినవాడు బయటికొచ్చేసరికి లోకం తలకిందులైపోయి ఉంటుందేమోనని బెంగ. “వెళ్లొద్దామా?” అని భార్య అడిగింది. “ఇవాళ నంబరెంత చెప్పావ్?” అన్నాడాయన. “ఒకటి.” “మరింకెందుకు?” ఆవిడ ఇంకో మాట రెట్టించలేదు. ఆవిడకూ ఆ మిషన్ అంటే హడలే. అలా ఆ తారీఖు పోయింది, దాని వెనకే ఇంకోటీ పోయింది.

“ఇంటి వెనక తలుపు బార్లా తెరిచిపెట్టి, వీధి తలుపు దగ్గర కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నానురా” అన్నాడు బాబాయి. లోపల కుట్టు మిషన్ పరుగెడుతోంది.

“అంటే?” అన్నాడు బోర్డు.

బాబాయి గొంతు తగ్గించాడు. రెండు నెలల కిందట ఇరవై లీటర్ల బకెట్ ఎత్తుతుంటే నడుముకు పైన, వెన్ను మధ్యలో కలుక్కుమంది. బకెట్లు మోసేవాళ్లలో వీపు నొప్పి లేనివాడెవడు? బామ్ రాసుకున్నాడు. కౌంటరు కిందే దాచుకుని అక్కడే రాసుకునేవాడు. టర్పెంటైన్ కంపులో ఆ వాసన కలిసిపోయేది గనక ఇంట్లో ఆవిడ పసిగట్టలేదు. కానీ ఈ నొప్పి తీరు వేరు. మామూలు నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే రాజుకునేది. బరువు ఎత్తని రోజునా వదిలేది కాదు. ఆయన లోలోపల బితుకుబితుకుమంటూనే, ప్రతి పొద్దునా ఒకటో నంబరు చెప్పించుకుని గుండె దిటవు చేసుకునేవాడు.

మొన్న మంగళవారం కొట్టులో ఒక తుమ్ము వచ్చింది. అంతే, వెన్నులోంచి పక్కటెముకల చుట్టూ నిప్పుతీగ లాగినట్టయింది. మూతలు తీసే స్క్రూడ్రైవరు చేతిలోంచి జారిపోయింది. నేల మీద పడ్డ దాన్ని వంగి తీసుకునే ధైర్యం లేక, దాన్నలా చూస్తూ నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నమే ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

“డాక్టరు గదిలో నేనేం చేశానో తెలుసా? జేబులోంచి కార్డు తీసి ఇచ్చాను. చూడండి బాబూ, తెల్లగా ఉన్నాయి కదా అని.”

బోర్డు నవ్వబోయి మానేశాడు. “ఏమన్నాడు?”

“నవ్వితే బాగుండేదిరా. నవ్వలేదు. నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కార్డు పెట్టి శ్రద్ధగా చూశాడు. నిజమే, ఒకటో నంబరే అన్నాడు. ఆ తర్వాత నన్ను వెనక్కి తిప్పి, వెన్నుపూసలు ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కుతూ వచ్చాడు. ఒకచోట నొక్కేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎన్నాళ్ల నుంచి అన్నాడు. రెండు నెలలన్నాను. ఆయన నా కాయితాలు తిరగేసి, స్కాన్లు ఎందుకు మానేశారని అడిగాడు. ఏం చెప్పను? కళ్లు తెల్లగా ఉన్నాయని కదా మానేశాను!”

“మరి అదేనంటాడా?”

“చూస్తే గాని చెప్పనన్నాడు. కాకపోనూ వచ్చు అన్నాడు. కానీ కళ్లు తెల్లగా ఉన్నంత మాత్రాన జబ్బు ఇంకోచోటికి పోలేదనుకోవద్దు అన్నాడు. కోసిన చోట శుభ్రంగానే ఉండి, ఎముకలో తేలడం కూడా ఉంటుందట. రేపు పొద్దున తొమ్మిదింటికి స్కాను. ఇంటి మనిషిని వెంటబెట్టుకుని రమ్మన్నాడు.”

మిషన్ ఆగింది. బాబాయి క్యాలెండరు వైపు తిరిగాడు. చేతివేళ్లు దుప్పటి అంచును మెలిపెడుతున్నాయి. లోపల ఆవిడ దారం పళ్లతో కొరికిన చప్పుడు కూడా ఆయనకు వినిపించినట్టయింది. ఒక నిమిషం. మళ్లీ గడగడ మొదలైంది. ఆయన ఊపిరి వదిలాడు.

“నల్లచుక్క సంగతి గుర్తుందా నీకు? ఓసారి తెల్లరంగు పెద్ద బకెట్‌లో నా చేతినుంచి ఒక్క చుక్క నలుపు జారిపడింది. గబగబా కలిపేశాను. ఎవడికీ కనపడలేదు. నాకూ కనపడలేదు. గోడకు వేసి ఆరాక, పక్కన అసలు తెలుపు పెట్టి చూస్తే బయటపడింది. ఆ రోజు కుర్ర పెయింటర్లందర్నీ నిలబెట్టి, కలిశాక చుక్కను వెనక్కి తీయలేంరా అని పాఠం చెప్పాను. ఆ డాక్టరు నాకు చెప్పిందీ అదే పాఠం కదరా! ఇంకెవడికి కాకపోయినా, నాకు అర్థం కావాలి ఆ మాట. నాకే కాలేదు.”

“ఊరుకో బాబాయ్. ఇంకా తేలలేదుగా.”

“తేలలేదు. అదేరా నా భయమంతా. మొదటిసారి భయపడ్డాను గానీ, అప్పుడది ఎదురుగా కనపడింది. పసుపు. దాన్ని తిట్టాను, కార్డు పెట్టి కొలిచాను. ఇప్పుడు ఉందో లేదో తెలీదు. ఉంటే ఎన్ని చోట్ల ఉందో తెలీదు. రంగు లేదు దానికి. దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లోకి పోయిందా అనిపిస్తుంది. మోకాలు కలుక్కుమంటే అక్కడికీ వచ్చిందా అని. నా ఒంట్లో నేనే పరాయి ఇంట్లో పడుకున్నట్టు పడుకుంటున్నా.”

బోర్డు స్టూలు ముందుకు జరుపుకుని మెల్లగా అన్నాడు. “పిన్నికి చెప్పలేదు కదూ?”

“లేదు.”

“రేపు తొమ్మిదింటికి పెట్టుకుని? ఎప్పుడు చెబుతావ్, నన్ను బోర్డు రాసి గుమ్మానికి తగిలించమంటావా?”

“నాలుగు రోజులుగా నోటిదాకా వస్తోంది. ఇవాళ పొద్దున కూడా, కార్డు పట్టుకుని నా కంట్లోకి చూస్తూ ఒకటి అంది. ఆ ముఖం నువ్వు చూడలేదు. పరీక్ష పాసైన పిల్ల ముఖం. దాని మీద నేనెలా పోయనురా ఈ నీళ్లు?”

లోపల మిషన్ పూర్తిగా ఆగిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడు. “ఏమండీ,” అంది ఆవిడ లోపలి నుంచే, “టీ పెట్టనా మీ ఇద్దరికీ? ఇంతసేపు ఏం గుసగుసలు, నా మీద ఏమన్నా చాడీలా?”

“పెట్టు, పెట్టు” అన్నాడు బాబాయి. వెన్ను నొప్పికి పళ్లు బిగబట్టి ముందుకు వంగి, బోర్డు చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వు లోపలికెళ్లరా. వంటింట్లో ఉంటుంది. నా వల్ల కాదు. రేపు తొమ్మిదింటికి నాతో రావాలని నువ్వే చెప్పు. వీపు సంగతీ, డాక్టరు సంగతీ అన్నీ చెప్పు, ఏదీ దాచకు. కానీ ఎత్తుకోవడమే వాటితో ఎత్తుకోకు. రోజూ తను చదివిన నంబరు తప్పు కాదని, డాక్టరు కూడా కిటికీ దగ్గర చూసి ఒకటో నంబరే అన్నాడని ముందు ఆ మాట చెప్పు. తర్వాతే మిగతాది. వెళ్లు.”