చప్పుళ్లు తీసేసిన కథ

మా పెద్దలు బట్టల మూటలతో బరంపురం ఎలా వచ్చారో మామ్మ చెప్పిన కథ ఒక పాత క్యాసెట్లో ఉంది. దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి, ఈ రోజు ఒక యాప్‌తో చప్పుళ్లన్నీ తీయించాను. మామ్మ గొంతు ఒక్కటే తేటగా మిగిలింది. గర్వంగా మా ఇంటివాళ్ల గ్రూపులో పెట్టేసి, సాయంత్రం గోసాని నువాగాంలో మామ్మ ఇంటికి వెళ్లి ఆవిడకూ వినిపించాను.

మామ్మ సగంలోనే ఆపమంది.

"ఏటే ఇది? నాను సెప్పిన కతే. మరి మీ తాత ఏడీ?"

అప్పుడు వెలిగింది నాకు. పక్కన కూర్చుని తాతయ్య కొట్టిన "ఊఁ"లన్నీ చప్పుడనుకుని యాప్ ఊడ్చేసింది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఆయన గొంతు మాకు మిగిలిందే ఆ ఊఁలలో.

శుభ్రం చేయని రికార్డింగు ఫోన్‌లో ఇంకా ఉండబట్టి బతికిపోయాను. ఫ్యాను గరగర, వీధిలో ఒడియాలో ఎవరిదో కేక, వాటి మధ్య తాతయ్య. మామ్మ కళ్లు మూసుకుని చివరి "ఊఁ" దాకా వింది.

"సూసినావా, కత అయిపోయేదాకా మీ తాత నిద్దరోలేదు" అంది.

గ్రూపులో ఇప్పుడు గరగరలతో ఉన్నదే పెట్టాను. సరిగ్గా వినబడట్లేదని బావ అప్పుడే సణిగాడు. సణగనీండి. మీ ఇంట్లో కథకు ఊఁ కొట్టేదెవరండీ? వాళ్లను కూడా రికార్డు చేశారా?