దేముడమ్మ లారీకి ఆయిల్

చేపను చేతిలోకి తీసుకుంటే దేముడమ్మ ముందు మొప్పలు ఎత్తి చూస్తుంది, వాసన చూస్తుంది, ఆ తరువాతే బేరం. భోగాపురం తీరం నుంచి విజయనగరం బజారుకు చేపలు మోసే తన పాత లారీకి ఇంజనాయిలు కొనేటప్పుడూ అంతే. డబ్బా మూత తీయించి, రెండు చుక్కలు వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. లారీ తోలే మొగుడు అసిరయ్య పక్కకు తిరిగి నవ్వుకుంటాడు.

ఎన్నేళ్లుగానో తిరిగి తిరిగి అరిగిన ఆ ఇంజను ఈమధ్య నీలిపొగ కక్కుతోంది, టకటకమంటోంది. మెకానిక్కు నాగబాబు బాగా చిక్కటి ఆయిల్ డబ్బా ఒకటి తెచ్చి దేముడమ్మ ముందు పెట్టాడు.

"ఇది పోసేద్దాం అప్పా. పొగా సప్పుడూ రెండూ అణిగిపోతాయి."

"జబ్బు తగ్గుతాదేటి?"

"జబ్బు తగ్గదు. బయటికి తెలీదంతే."

దేముడమ్మ డబ్బాను వెనక్కి తోసేసింది.

"మురిగిన సేప మొప్పలకి రంగెందుకు పూస్తార్రా? కొనేవోడి కోసం. ఈ బండిని నానెవుడికీ అమ్మడం లేదు. రోజూ ఎక్కేది నానే. నన్ను నానే మోసం సేసుకోవాలా? కంపెనీవోడు దీనికి ఏటి సెప్పాడో అదే పొయ్యి. ఇంజను ఆయిల్ తాగితే తాగనీ, రోజూ సూసి పోస్తాను."

మర్నాడు పొద్దున్న బండి కదలగానే తీరంలో ఆడవాళ్లు నీలిపొగకు ముక్కులకు చెంగులు అడ్డం పెట్టుకున్నారు. ముందు సీట్లో, కాళ్ల దగ్గర ఆయిల్ డబ్బాతో కూర్చున్న దేముడమ్మ, ఇంజను టకటకను కాసేపు చెవి పెట్టి విన్నది. నిన్నటిలాగే ఉందని తేల్చుకుని, హాయిగా కళ్లు మూసుకుంది.