పంజాగుట్ట దాకా వెళ్ళి నెమ్మది తెచ్చుకున్న వైనం

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్కటే స్టేషన్. రైల్లో ప్రకటనలు చేసే అమ్మాయి మూడు భాషల్లో చెప్పాల్సింది చెప్పి ఊపిరి పీల్చుకునేలోగా ఊరొచ్చేస్తుంది. ఈపాటి దూరానికి యాత్రా కథనమా అని మీరు నవ్వుకోవచ్చు. హిమాలయాలకు వెళ్ళొచ్చి రాసినవాళ్ళు బోలెడుమంది. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట స్టేషన్లో దిగి ఆ అనుభవం రాసినవాళ్ళు మాత్రం నాకు కనబడలేదు. రాయడానికి మనిషి మిగలాలి కదా!

ప్రయాణానికి కారణం నా గొంతు. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో అడ్మిషన్ల కౌంటర్ నాది. తణుకు నుంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ, "సార్, డెమో క్లాసు ఎప్పుడు?" అని అడిగినవాళ్ళకు జవాబు చెబుతూనే ఉన్నాను. మొదట్లో మామూలుగానే చెప్పేవాణ్ణి. అడిగేవాళ్ళు పెరిగారు, గొంతూ పెరిగింది. కిందటి వారం ఒక కుర్రాడు ఒకే ప్రశ్న నాలుగోసారి అడిగితే నేనిచ్చిన జవాబుకు కౌంటర్ మీది గాజుపలక పగిలింది. దానికి ముందే బీట ఉందని నా వాదన. డైరెక్టరు గారు వినలేదు.

"మూర్తి గారూ, ఇదే ఆఖరు. ఇంకొక్కసారి ఎవరి మీదైనా అరిచారా, మీ కుర్చీ మూడో అంతస్తుకు వెళ్ళిపోతుంది" అన్నారు.

మూడో అంతస్తు అంటే చచ్చిపోయిన మానిటర్లు పేర్చిన గది. కిటికీ లేదు. జనం లేరు. జనంతో తగువు పడకుండా నేను బతకగలనేమో గానీ జనం లేకుండా బతకలేను. అదే రోజు డాక్టరు నా చేతికి బీపీ పట్టీ చుట్టి, మిషన్ వంక చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ వెంటనే మా ఆవిడ పద్మ, పంజాగుట్టలో తాయ్ చీ అనే చైనావాళ్ళ నింపాది కసరత్తు నేర్పుతున్నారని వాకబు చేసి నా పేరు రాయించింది.

సోమవారం ఉదయం ఐదూ నలభై ఐదుకు బయల్దేరాను. సామాను: నీళ్ళసీసా, తువ్వాలు, బీపీ మాత్ర, గొంతుకు మఫ్లరు, దారిలో ఆకలేస్తే తినమని నాలుగు ఇడ్లీలు. పద్మ గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. కాశీకి వెళ్ళినప్పుడు కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు.

"అక్కడ నేర్పే ఆవిడ మీద అరవకండి" అంది.

"నేనెందుకు అరుస్తానే?" అని అరిచాను. ఎదురింటి కుక్క లేచి కూర్చుంది.

ఆరింటికల్లా మెట్రో ఎక్కాను. బోగీలో పట్టుమని పదిమంది లేరు. కూర్చోవడానికి చోటు దొరకడమే ఒక వింత కాబట్టి ఒకసారి ఈ సీట్లో, ఒకసారి ఆ సీట్లో కూర్చున్నాను. బోరబండ నుంచి వస్తున్నానన్న ఒక పెద్దాయన నా సంచీ, మఫ్లరు చూసి, "ఎంత దూరమన్నా ప్రయాణం?" అనడిగాడు.

"పంజాగుట్ట."

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మంచిగ పోయి రా" అని దీవించాడు.

స్టేషన్ దిగి, వెనక సందుల్లో నాలుగు మలుపులు తిరిగితే ఒక చర్చి, దాని పక్కన హాలు. ఆ హాలు మేడ మీద క్లాసు. నేర్పేది గ్రేస్ మేడం. బళ్ళో డ్రిల్లు టీచరుగా రిటైరయ్యారు. చీర కొంగు బిగించి, మెడలో ఈల వేసుకుని నిలబడ్డారు. ఆ ఈల ఊదడం మాత్రం నేను చూడలేదు. నాకు అంతకంటే ఆశ్చర్యం ఇంకోటి లేదు. ఈల మెడలో ఉండీ ఊదకుండా ఒక మనిషి ఉండగలదా?

నా పక్కన శ్రీనగర్ కాలనీ ప్రభాకర్. టీవీ సీరియళ్ళకు ఎడిటింగ్ చేస్తాడు. మేడం చెయ్యి ఇటునుంచి అటు తీసుకువెళ్ళడానికి ఎంతసేపు పట్టిందంటే, ఆలోగా కింద రోడ్డు మీద రెండుసార్లు సిగ్నల్ మారింది.

"ఈ షాట్ ఇంత లెంగ్తేంటండీ? నేనైతే సగంలో కట్ చేసేవాణ్ణి" అని ప్రభాకర్ గొణిగాడు.

మబ్బుల్ని చేతులతో పక్కకు జరపాలట, మొదటి కదలిక పేరే అది. మేడం రెండుసార్లు చేసి చూపించి, ఇక మీరు చేయండన్నారు. నేను అమీర్‌పేట మనిషిని. ఆరు నెలల కోర్సు నలభై రోజుల్లో పూర్తి చేయిస్తామని గోడల నిండా రాసుకునే పేట మాది. మబ్బులన్నీ గబగబా జరిపేశాను. గుర్రం జూలు సవరించమంటే చటుక్కున సవరించాను. చుట్టూ చూస్తే అందరూ ఇంకా మొదటి మబ్బు దగ్గరే ఉన్నారు. చిన్నప్పుడు పరీక్ష పేపరు అందరికంటే ముందు ఇచ్చేసి, హాల్లోంచి ఛాతీ విరుచుకుని బయటికొచ్చినట్టుగా మేడం దగ్గరికి నడిచాను.

"అయిపోయింది మేడం. నేనే ఫస్టు."

మేడం నింపాదిగా నా వైపు తిరిగారు. "ఏం సార్, బస్సు పోతుందా? ఈడ ఆఖర్న అయినోడే ఫస్టు."

ప్రభాకర్ నవ్వాడు. నాకు గొంతులో కేక లేచింది. కౌంటర్ దగ్గర రోజూ లేచేదే. మేడం అది కనిపెట్టినట్టున్నారు. దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నెట్టారు. నేను గోడదాకా వెళ్ళి ఆగాను.

"చూసిన్రా? ఎవరన్న తోస్తే మీరు తిరిగి తోస్తరు, లేకపోతే పోయి గోడకు పడతరు. రెండూ వద్దు సార్. నడుము తిప్పి దారియ్యాలె. కాలు మాత్రం కదపొద్దు. ఊపిరి కడుపులకెళ్ళి రావాలె, గొంతులకెళ్ళి కాదు."

ఏడున్నరకు క్లాసు ముగిసింది. ఇరానీ హోటల్లో చాయ్ తాగాను. రైలు టికెట్టు కంటే చాయ్ ఖరీదెక్కువ. వెళ్ళదలచినవాళ్ళు గమనించగలరు. ప్రభాకర్‌తో కబుర్లలో పడి తిరుగురైలు ఎక్కేసరికి తొమ్మిది అయింది.

ఇక్కడే ప్రమాదం జరిగింది. అమీర్‌పేట వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగేవాళ్ళకంటే ముందు ఎక్కేవాళ్ళు వచ్చారు. ఇతర ఊళ్ళలో వరద వస్తే ఇలాగే ఉంటుంది. మామూలు రోజైతే నేనొక్క కేక వేసేవాణ్ణి, సముద్రం రెండుగా చీలేది. ఇవాళ కొత్తగా నేర్చుకున్న విద్య ఉంది కదా! వచ్చినవాడికల్లా దారిచ్చాను. ఒక బ్యాక్‌ప్యాకుకు దారిచ్చాను, ఒక హెల్మెట్‌కు దారిచ్చాను, టిఫిన్ క్యారియర్‌కు దారిచ్చాను. ఇచ్చి ఇచ్చి అవతలి తలుపుకు అతుక్కుపోయాను. రైలు కదిలింది.

"అమీర్‌పేట దిగాలండీ నేను!" అన్నాను.

"ఎస్సార్ నగర్ల దిగు భాయ్, ఫికర్ చెయ్యకు" అన్నాడు నా చంకలోంచి ఒకడు.

పక్క స్టేషన్లో దిగి, వంతెన దాటి, ఎదురురైలు ఎక్కాను. అప్పుడు గుర్తొచ్చింది. దారిచ్చాను సరే, కాలు కదిపాను. ఈసారి తలుపు దగ్గర రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడ్డాను. అమీర్‌పేటలో జనం లోపలికి దూకారు. ఎవరు తోస్తే అటు నడుము తిప్పాను, కాలు కదపలేదు. వాళ్ళు నా చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. ఖాళీ అయిన తలుపులోంచి పెళ్ళికొడుకులా దిగాను. మఫ్లరు ఒక్కటే రైల్లో వెళ్ళిపోయింది.

తొమ్మిదిన్నరకు కౌంటర్లో కూర్చున్నాను. "సార్, డెమో ఎప్పుడు?"

"పది గంటలకు నాన్నా."

అడిగినవాడు భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు. అందరికీ అలాగే చెప్పాను. పది అయింది. పదీ పది అయింది. మేడ మీద క్లాసు గదిలో పాఠం చెప్పే సారు ఒక్కరే కూర్చుని ఖాళీ బెంచీల వంక చూస్తున్నారు. డైరెక్టరు గారు పరుగెత్తుకుంటూ కిందికొచ్చారు.

"బ్యాచ్ ఎక్కడండీ? ఒక్కరు రాలేదేంటి?"

వాకిట్లోంచి చూస్తే బ్యాచ్ మొత్తం ఎదురుగా టీ బండి దగ్గరే ఉంది. వాళ్ళలో ఒక అమ్మాయిని పిలిచి అడిగాం.

"మూర్తి సార్ అరవలే కద సార్. రోజూ పదింటికి సార్ ఎవరో ఒకరి మీద అరుస్తడు. అది ఇనే మేం పైకి పోతం. ఇయ్యాల ఇనబడలే, ఇంక షురూ కాలేదనుకున్నం."

డైరెక్టరు గారు నన్ను చూశారు. పైకి, మూడో అంతస్తు వైపు చూశారు. మళ్ళీ నన్ను చూశారు. టై సర్దుకున్నారు.

"మూర్తి గారూ... ఒక్కసారి..."

"ఎవరి మీదండీ?"

"ఎవరి మీదా కాదు. ఊరికే."

వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. పాదాలు నేలకు ఆనించాను. నడుము వదులు చేశాను. ఊపిరి కడుపులో నుంచి తీశాను. "పది గంటల బ్యాచ్!"

ఇన్నేళ్ళలో అంత పెద్ద కేక నేను వేసి ఎరగను. టీ బండి గ్లాసులు మోగాయి. పావురాలు బంజారా హిల్స్ దాకా వెళ్ళి, అక్కడ అద్దెలు చూసి తిరిగొచ్చాయి. బ్యాచ్ మెట్లెక్కింది. నాకు చెవులు వేడెక్కలేదు. కొత్తగా వేయించిన గాజుపలక చెక్కుచెదరలేదు. డైరెక్టరు గారు నా కుర్చీని కొంచెం వాకిలివైపు జరిపి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఏడింటికి ఇంటికి నడిచాను. రెండు సందులే దూరం. అయినా ఈ యాత్రలో ఆఖరి మజిలీ కాబట్టి మెల్లగా నడిచాను. నన్ను దాటి వెళ్ళిన ప్రతి స్కూటరుకూ నడుము తిప్పి దారిచ్చాను. సంచీలో ఇడ్లీలు అలాగే ఉన్నాయి.

పద్మ తలుపు తీసి, సంచీ అందుకుని, నా మొహం కాసేపు చూసింది.

"మీ కేక ఇక్కడికి వినబడింది" అంది.

నేను చెప్పులు విప్పాను.

"రోజూ వినబడేదేగా. కుక్కర్ కట్టేసి, ఇవాళ ఎవరి ప్రాణం తీస్తున్నారో అనుకుంటాను. ఇవాళ్టిది అలా లేదేంటి? ఎవర్నో భోజనానికి పిలిచినట్టుంది."

పంజాగుట్ట వెళ్ళదలచినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. దూరం తక్కువే. తొందరపడకుండా వెళితే చేరడానికి చాలాకాలం పడుతుంది. మఫ్లరు మాత్రం తీసుకెళ్ళకండి.