ఓడినవాళ్లు నెల రోజులు రాకూడదట

"తాళంచెవి నాకియ్యి అత్తమ్మా, ఎవలతోనన్న పంపిస్త. నువ్వు పోకు."

"ఎందుకు పోవద్దు? దొంగతనం చేసిన్నా?"

"ఓడినవు. ఓడినోళ్లు నెల దినాలు మొఖం చూపెట్టరు. మార్కెట్ల గదే రివాజు."

"రివాజు నీ ఇంట్ల పెట్టుకో."

"నా ఇల్లేడున్నది? ఇది నీదే గదా!" అంది కోడలు.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో దండలు కట్టే ఆడవాళ్ల సంఘానికి ఆరేళ్లు పెద్దగా ఉన్నాను. సంఘానికి ఒక రేకుల షెడ్డు ఉంది. దాని తాళంచెవి పెద్ద దగ్గరే ఉంటుంది. మా ఎన్నికకు కాగితాలుండవు. పోటీలో ఉన్న ఇద్దరికీ చెరో బుట్ట పెడతారు, తలా ఒక బంతిపువ్వు వేస్తారు. ఈసారి ఎన్నిక రోజు నా బుట్టకు అడుగు కనబడింది. లెక్క అయ్యాక పూలు పారబోయబోతుంటే ఆపి, రెండు బుట్టలవీ కలిపి దండ కట్టాను.

ఎందుకు ఓడానో నాకు తెలుసు. మీటింగుల్లో చాయ్ బంద్ పెట్టించి, ఆ మిగులుతో షెడ్డుకు కొత్త రేకులు వేయించాను. ఆ రేకుల కింద తడవకుండా కూర్చున్నవాళ్లే చాయ్ కోసం నన్ను దించారు. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను.

కోడలూ నేనూ వాదించుకుంటున్న గదిలోనే మనవరాలు, కాలేజీలో మాట్లాడడానికని, ఒక నార్వే ఆయన జీవితం బట్టీ పడుతోంది. మూడో తరగతితో బడి మానినదాన్ని, నార్వే ఎటువైపుందో నాకేం తెలుసు? మా లొల్లికి చదువు సాగక అది తలెత్తింది.

"ఈయన గూడ ఓడిండు నానమ్మా."

"ఎవలాయన?"

"రాయబారి. వాళ్ల దేశం తరఫున పరాయి దేశాలల్ల మాట్లాడెటాయన. తర్వాత మంత్రి అయిండు. మల్ల ఎలక్షన్ల ఓడిండు."

"ఓడి మూలకు కూసున్నడా?"

"లే. ఓడగొట్టినోళ్ల సర్కారే ఒక చిన్న దేశానికి రాయబారిగ పొమ్మంటే పోయిండు. పాత పనే మల్ల చేసిండు."

"సిగ్గుపడలేదా?"

"గది ఇందుల రాయలే."

"రాయలేదంటే పడలేదన్నట్టే." కోడలి వైపు తిరిగాను. "ఇన్నవా? మంత్రే పోయిండు. నాదెంత?"

"ఆయనకు మన మార్కెట్ ఆడోళ్ల నోళ్లు తెల్వయి అత్తమ్మా!"

పొద్దున్నే నేనే వెళ్లి షెడ్డు తెరిచాను. కొత్త పెద్ద వచ్చేదాకా నిలబడి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

"నెల దినాలు రావనుకున్న అక్కా" అంది.

"నెల దినాలు బువ్వ నువ్వు పెడ్తవా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. చివరి వరసలో, మోరీ కాలువ పక్కన ఖాళీ చోటుంటే గోనె పరుచుకుని కనకాంబరాలు కట్టడం మొదలుపెట్టాను. ఏడింటికి అందరికీ చాయ్ వచ్చింది. నేను తాగలేదు.