పన్ను నాది, పంచాయితీ అందరిది

వరంగల్ నుంచి నెక్కొండకు రోజూ రైల్లో పోయివచ్చే ఉద్యోగస్తుల దగ్గర ఏ సంగతీ దాగదు. ఎవరి బిడ్డకు ఏ సంబంధం వచ్చింది, ఎవరికి షుగర్ ఎంతున్నది, ఎవరింట్లో అత్తాకోడళ్లు మాట్లాడుకుంటలేరు, అన్నీ మా పెట్టెలో అందరికీ తెలుసు. నా ఖర్మ కాలి, నా కుడి దవడ చివరి పన్ను మొట్టమొదటిసారి నొప్పి లేపింది కూడా ఆ పెట్టెలోనే.

నేను నెక్కొండ దగ్గరి బడిలో జీవశాస్త్రం చెప్తాను. వ్యవసాయ శాఖలో పనిచేసే స్నేహితురాలు ఒకామె నాకు రైల్లో రోజూ తోడు. ఆ పొద్దు ఆమె డబ్బా తెరిచి సర్వపిండి ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. బాగా కాలి కరకరలాడుతున్నది కదా అని గట్టిగా కొరికాను. చిగుట్లో మేకు దిగినట్టయింది. కండ్లల్లో నీళ్లు తిరిగినయి.

"ఏమైంది మేడం, గట్ల మూతి వెట్టిన్రు?" అన్నాడు ఎదురుగా కూర్చున్న లెక్కల సారు. ఆయనది పక్క ఊరి బడి.

వేలితో దవడ చూపించాను. ఆయన ఒక్క చూపులో తేల్చేశాడు. "అకల్ దాడ మేడం అది. జ్ఞానదంతం. ఏదన్న చెయ్యున్రి గని పీకిచ్చుకోకున్రి. మా బామ్మర్ది పీకిచ్చుకున్నడు, ఒక దిక్కు పెదవికి తెలివే పోయింది. చాయ తాగుతాంటె అంగి మీదికెళ్లి కారుతది, ఆయనకు తెల్వనే తెల్వది."

పక్కనున్న బ్యాంకు ఆయన ఊరుకుంటాడా? "పన్ను పీకితె కంటిచూపు గూడ తగ్గుతదట," అన్నాడు.

కంటి నరం వేరు, పంటి నరం వేరు అని పిల్లలకు చెప్పినట్టే నిదానంగా విడమరిచి చెప్పాను. ఆయన ఓపికగా విని, "సైన్స్ వేరు మేడం, అనుభవం వేరు," అన్నాడు.

"మీకైందా అనుభవం?"

"నాకెందుకైతది? విన్న."

నెక్కొండ స్టేషన్ వచ్చేసరికి నా పన్ను మీద పెట్టె మొత్తానికి ఒక అభిప్రాయం ఏర్పడింది. నాకే ఇంకా ఏర్పడలేదు.

ఇంట్లో ఇంకో తీరు. మా ఆయన ఒక ఆఫీసులో పనిచేస్తాడు. ఆ మధ్య ఆయనకు ఒక పంటికి రూట్ కెనాల్ జరిగింది. ఆ వారమంతా మా ఇంట్లో టీవీ సౌండు తగ్గింది, మిక్సీ బంద్ అయింది, మా పాప అడుగుల చప్పుడు కాకుండా నడవడం నేర్చుకుంది. నేను పొద్దున జావ, మాపటికి మెత్తటి కిచిడి చేసిపెట్టాను. చుట్టాలు ఫోన్లు చేసి పరామర్శించారు. అంత అనుభవం ఉన్న మనిషి కదా అని నా నొప్పి సంగతి చెప్తే, ఫోన్లోంచి తల ఎత్తకుండా, "ఉప్పునీళ్లు పుక్కిలియ్యి, పోతది," అన్నాడు.

మా అత్తమ్మ ఒక లవంగం తెచ్చి దవడ పంటి కింద పెట్టుకోమంది. "దేవుడిచ్చిన పన్ను బిడ్డా. వచ్చేదాక ఆగినమాయె, వచ్చినంక పీకిచ్చుకునుడేంది?" అంది.

లవంగంతో రెండు మూడు నెలలు నెట్టుకొచ్చాను. నొప్పి వచ్చేది, వాచేది, మందులేస్తే పోయేది, మళ్లీ వచ్చేది. చివరికి విసుగొచ్చి మా ఆయన్ను వెంటబెట్టుకొని హనుమకొండలో ఒక కొత్త పండ్ల దవాఖానకు పోయాను. కూర్చునే చోట పెద్ద టీవీలో ఒక పన్ను పుచ్చిపోతూ, బాగవుతూ, మళ్లీ పుచ్చిపోతూ ఉంది. అది చూస్తుంటే నొప్పి లేనివాళ్లకు కూడా నొప్పి పుట్టాలి.

ఎక్స్‌రే తీశారు. నా పన్ను నిలబడి లేదు. బస్సులో సీటు దొరికి కాళ్లు చాపుకొని పడుకున్న మనిషి లెక్క అడ్డంగా పడుకొని, ముందు పన్నును తలతో నెడుతున్నది. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎంత మర్యాదస్తుడంటే, నోరు నేను తెరిస్తే మాట మా ఆయనతో మాట్లాడాడు.

"సర్, మేడంకు జ్ఞానదంతాలు నాలుగున్నాయి. నాలుగూ తీసేస్తే మళ్లా టెన్షన్ ఉండదు."

"నొచ్చేది ఒక్కటే కదండీ?" అన్నాను.

ఆయన మా ఆయనకే జవాబు చెప్పాడు. "ఇప్పుడు నొప్పి లేదు సర్. రేపు రాదని గ్యారంటీ లేదు కదా."

మా ఆయన ప్లాటు రిజిస్ట్రేషన్ కాడ కూర్చున్నంత గంభీరంగా తల ఊపాడు. "ఆలోచించి చెప్తం డాక్టర్ గారూ," అన్నాడు.

బండి మీద ఇంటికొస్తూ నిజంగానే ఆలోచించాడు. "వచ్చే నెలల అక్క వాళ్ల గృహప్రవేశం ఉన్నది గద. నీకు మూతి వాస్తే అక్కడ పనెట్ల?"

ఆ తర్వాత నా పన్నుకు తేదీ దొరకడం దేశంలో ఎన్నికలకు తేదీ దొరకడం కన్నా కష్టమైంది. బడిలో సెలవడిగితే హెడ్మాస్టరు గారు పదో తరగతి పరీక్షలు గుర్తుచేశారు. "పన్నుకు సెలవెందుకు మేడం? ఇన్విజిలేషన్‌కు నోటితోటి పని లేదు గద," అన్నారు. అత్తమ్మ పంతులుకు ఫోన్ చేసింది. పన్ను పీకడానికి ముహూర్తం ఆయనను ఎవరూ అడిగి ఉండరు. అయినా తడుముకోలేదు. మంగళవారం పనికిరాదు, అమావాస్య ముందర పనికిరాదు, నా నక్షత్రానికి ఫలానా తిథి పనికిరాదు అని పెండ్లికి చెప్పినంత శ్రద్ధగా చెప్పాడు. మిగిలిన రోజుల్లో మా ఆయనకు ఆడిట్.

అట్లా అట్లా గృహప్రవేశం రానే వచ్చింది. దానితోపాటే వాపు కూడా వచ్చింది. ఈసారి దవడ బిగుసుకుపోయి, నోట్లో స్పూను పట్టేంత సందు కూడా లేదు. మా ఆడబిడ్డ వాళ్ల కొత్త ఇల్లు ఎనుమాముల మార్కెట్ అవతల కాలనీలో ఉన్నది. ఆ మార్కెట్‌కు మిర్చి బస్తాలు దిగే సీజను. గాలి అటు తిరిగిందంటే ఘాటు వచ్చి ముక్కులో కూర్చుంటుంది. దవడ బిగుసుకున్న మనిషికి తుమ్ము వస్తే ఎట్లుంటుందో పగవాళ్లకు కూడా తెలియకూడదు. నేను పైట చెంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఒక మూలకు నిలబడ్డాను.

ఆడబిడ్డ నా చేయి పట్టుకొని అర్రలన్నీ తిప్పింది. ఆమె మా ఆయనకు అక్క, నాకు వదిన. వంటింట్లో అల్మారాలు ఒక్కొక్కటే గుంజి చూపించి, "ఎట్లున్నది చెప్పు?" అంది.

"ఊఁ," అన్నాను.

"ఊఁ ఏంది?"

"ఊఁ ఊఁ," అన్నాను, ఈసారి వీలైనంత సంతోషం కలిపి.

ఆమె ముఖం మాడింది. భోజనాల కాడ నేను మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. వీడియో తీసే అతను వచ్చి, "మేడం, జర నవ్వున్రి," అన్నాడు. నవ్వబోయాను. ఆ నవ్వు చూసి అతనే కెమెరా పక్కకు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం దాటేసరికి తీర్పు వచ్చేసింది. తమ్ముని పెండ్లానికి కండ్లు మండుతున్నయి. సొంతిల్లు లేదు కదా, ఓర్వలేకపోతున్నది. మా ఇంట్ల ముద్ద ముట్టలే. కొత్త గోడలకు మాట దాచుకోవడం ఇంకా రాలేదు, పక్క అర్రలోంచి ప్రతిదీ నాకు వినబడింది. మా ఆయన అక్కడే ఉన్నాడు. ఆయనకు సంగతి తెలుసు. పొద్దున మందుబిళ్ల చేతిలో పెట్టింది ఆయనే. ఏం చెప్తాడా అని చెవులు రిక్కించాను.

"ఆమెకు జర తలనొస్తాంది," అన్నాడు.

ఇంటికొచ్చాక ఎందుకట్ల చెప్పారని కాగితం మీద రాసి అడిగాను. "శుభమా అని ఇల్లు చేసుకుంటాంటె పన్ను పీకుడు ముచ్చటేంది?" అన్నాడు. నాకు నొప్పి కన్నా ఆ జవాబు ఎక్కువ సలిపింది. అందరి రోజులూ మంచిగుండాలి, అందరి పరీక్షలూ జరగాలి, ఆడిట్లు తేలాలి, ఇండ్లలో పాలు పొంగాలి. ఆ తర్వాత జాగా మిగిలితే అందులో నా పన్ను.

మరుసటి రోజు రైలెక్కలేదు. నా స్నేహితురాలు కూడా ఆఫీసుకు సెలవు పెట్టింది. ఇద్దరం ఆటో ఎక్కి సర్కారు దవాఖానకు పోయాం. వరుసలో చాలాసేపు కూర్చున్నాం. అక్కడ టీవీ లేదు. డాక్టరమ్మ నడివయసు మనిషి, బాగా అలిసిపోయి ఉన్నది. ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి చూసి, నన్నే అడిగింది.

"నొప్పి ఎన్నిసార్లచ్చింది? నోరు ఇట్ల బిగుసుకునుడు ఇదే మొదలా?"

తెరుచుకున్నంత నోటితో చెప్పాను. నాలుగూ తీసేయమన్నారని కూడా చెప్పాను.

"నాలుగున్నయని నాలుగు తీస్తమా? మీదివి రెండు నిలువుగ మంచిగున్నయి. ఎడమది ఇప్పుడేం అంటలేదు, చూస్కుంట ఉందాం. ఇదొక్కటి మాత్రం ఉంచితె మళ్ల మళ్ల ఇట్లనే వాస్తది. తీస్తె కింది పెదవికి కొన్నాళ్లు తిమ్మిరి ఉండొచ్చు. మస్తుమందికి తగ్గుతది, ఎవరికో ఒకరికి తగ్గదు. నువ్వు చెప్పు, ఏం చేద్దాం?"

ఇన్ని నెలల నుంచి అందరి మీదా మండిపడుతున్నదాన్ని, తీరా నన్నడిగితే నా నోట మాట రాలేదు. బిగుసుకున్న దవడది కాదు తప్పు. లెక్కల సారు బామ్మర్ది, ఆయన అంగి మీద చాయ మరకలు కండ్ల ముందర మెదిలాయి.

"భయమైతాంది మేడం," అన్నాను.

"అయితది," అంది ఆమె. వెనక వరుస పెరుగుతున్నా నా వైపే చూస్తూ కూర్చున్నది.

"తీసేయున్రి," అన్నాను.

ముందు వాపు తగ్గడానికి మందులిచ్చి, తర్వాతి వారం రమ్మంది. ఈసారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సూది తర్వాత నొప్పి లేదు కానీ, చప్పుడు మాత్రం తలకాయలో రోడ్డు తవ్వుతున్నట్టే ఉండింది. పన్ను ముక్కలు ముక్కలుగా వచ్చింది. బయటికొస్తే స్నేహితురాలు నా చెంప చూసి, "సగం లడ్డూ దాచుకున్నట్టున్నవే," అంది. నవ్వించొద్దని చేతులు జోడించాను.

ఇంట్లో నోట్లో దూదితో కూర్చున్న నన్ను చూసి మా ఆయన, "చెప్పకుండ పోతవా? ఏమన్న అయితె ఎవరు జిమ్మెదారి?" అని మొదలుపెట్టాడు. దూది తీయొద్దన్నారు కనుక జవాబు చెప్పే బాధ నాకు లేదు. ఆయన ప్రశ్న మీద ప్రశ్న అడిగి, ఏ ఒక్కదానికీ జవాబు రాక, చివరికి వంటింట్లోకి పోయి జావ కాచాడు. అందులో ఉండలున్నాయి. జావలో ఉండలు ఎట్లా కడతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అత్తమ్మ బాధ వేరు. "పోయి పోయి మంగళారమే దొరికిందా?" అని నెత్తి కొట్టుకుంది.

పెదవికి తిమ్మిరి వచ్చింది. కింద కుడివైపు రూపాయి బిళ్లంత మేర నాది కానట్టే ఉండేది. రైల్లో ఆ మాట చెప్పగానే లెక్కల సారు ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలే?" అన్నాడు. పాపం, మెల్లమెల్లగా అది తగ్గిపోతున్నదని తెలిశాక మళ్లీ అడగడం మానేశాడు.

ఆడబిడ్డ చూడ్డానికి వచ్చింది. నా నోరు తెరిపించి, ఫోను లైటు వేసి, కుట్లు కండ్లారా చూసింది. "నిజంగనే పన్నా? మరి తలనొప్పని చెప్పిండు గదా వీడు!" అని తమ్ముని వైపు గుడ్లురిమి చూసింది. చుట్టాల్లో తాను పంచిపెట్టిన మాటల గురించి ఏమీ అనలేదు. "అయితె మా ఇల్లు నీకు నచ్చినట్టేనా?" అని మాత్రం అడిగింది.

"మస్తు నచ్చింది వదినా," అన్నాను. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదన్న సంగతి నా దగ్గరే ఉంచుకున్నాను.

కుట్లు విప్పించుకోవడానికి పోయే రోజు నేను చెప్పులేసుకుంటుంటే అత్తమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ముందు పన్నును నాలుకతో కదిపి చూపించింది. ఎండాకాలం తలుపు లెక్క ఊగుతున్నది. వయసులో ఉన్నప్పుడు ఆమె జంపఖానాలు నేసేది. కత్తెర కోసం మగ్గం దిగడం ఎందుకని పోగులన్నీ పండ్లతోనే తెంపేదట. ఎన్నేండ్ల నుంచి ఊగుతున్నదంటే, "చాన ఏండ్ల సంది ఉన్నదిలే," అంది. ఇంట్లో ఎవరమూ ఎన్నడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఇయ్యాల మంగళవారం అత్తమ్మా," అన్నాను.

"ఊకె సూపెట్టుకునుడుకు వారమేంది?" అని పైట సర్దుకొని నాకన్నా ముందే ఆటో ఎక్కింది.

డాక్టరమ్మ ముందర కుర్చీలో కూర్చొని లైటు కండ్లల్ల పడుతున్నదని గొణిగింది, కుర్చీ వెనక్కి వాలితే నా చేయి గట్టిగా పట్టుకుంది. "నోరు తెరువు పెద్దమ్మా," అంటే, "నేను నోరు తెరుస్తె మా ఇంట్ల ఎవ్వలు ఆగరు బిడ్డా," అంది. డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, కుట్లు చురుక్కుమన్నాయి. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. కండ్లు గట్టిగా మూసుకొని, మెల్లగా నోరు తెరిచింది.