డోలుకు చెక్కిన చెయ్యి

ఎమ్మెస్ చదివే రోజుల్లో టెక్సాస్‌లోని మా యూనివర్సిటీ మ్యూజియంలో నాకు ఆన్‌క్యాంపస్ ఉద్యోగం దొరికింది. బేస్‌మెంట్‌లో, కిటికీ లేని గదిలో, ఆఫ్రికా వస్తువుల దుమ్ము దులపాలి. గోడల నిండా చెక్క ముఖాలు. ఒక్కటీ రెప్ప వేయదు. నాకసలే పిరికితనం జాస్తి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది కాంగోలోని కూబా అనే తెగ రాజుల డోలు. నా నడుమెత్తు ఉంటుంది. ఒకే మొద్దును తొలిచి చేశారు. ఒళ్ళంతా మెలికల ముగ్గులాంటి చెక్కడం, ఎక్కడ మొదలైందో వెతకబోతే కళ్ళు తిరుగుతాయి. పిడి ఉండాల్సిన చోట మనిషి చెయ్యి చెక్కారు, మణికట్టు వరకే. అక్కడ ప్రతి కొత్త రాజూ తనదంటూ ఒక డోలు చేయించుకుంటాడని మా సూపర్‌వైజర్, తల నెరిసిన అమెరికన్ ఆవిడ, చెప్పింది. మరి ఇది ఏ రాజుదో ఎవరికీ తెలియదట.

ఒక మధ్యాహ్నం ఏసీ ఆగిపోయి గది ఉడికిపోయింది. చెమట పట్టి గ్లౌజులు తీసేశాను. అప్పుడు నా వెనక డోలు ఒక్కసారి మోగింది. ధుమ్! వేడికి తోలు బిగుస్తుందని నాకు తెలుసు. మా వైపు డప్పును మంట మీద కాచే వాయిస్తారు. కానీ ఎంత కాచిన డప్పయినా కొట్టేవాడు లేకుండా మోగదు కదా! ఉలిక్కిపడి వెనక్కి అడుగేశాను. మడమ డోలుకు తగిలింది.

ఇక ఆలోచన లేదు. చిన్నప్పట్నుంచీ పుస్తకానికి కాలు తగిలితే చేసినట్టే వంగి, ఆ చెక్క చేతిని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. అంత వేడిలోనూ అది చల్లగా ఉంది.

"నో! నాట్ యువర్ ఐస్!" కళ్ళకు తగలనివ్వద్దని తలుపు దగ్గర్నుంచి సూపర్‌వైజర్ కేక పెట్టి, నన్ను సింకు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. పాత చెక్కకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ అనే విషం పూసేవారట. కళ్ళు భగ్గుమంటున్నాయి. చూపు పోతుందేమోనని భోరున ఏడ్చాను.

క్లినిక్‌కు నన్ను మా రూమ్మేట్ కార్లో తీసుకెళ్ళింది. "ఏందే, ఎప్పుడో పోయిన రాజుకి దండం పెట్టినవా? ఇన్సూరెన్సోళ్ళకి ఏం చెప్తవ్?" అని నవ్వించబోయింది.

చూపు దక్కింది. మంట తగ్గేదాకా కళ్ళు మూసుకుని పడుకున్నానే గానీ, మూసినప్పుడల్లా ఆ చెయ్యే కనిపించేది.

ఇప్పటికీ కాలికి పుస్తకం తగిలితే వంగి తాకుతాను. చెయ్యి మాత్రం కళ్ళదాకా రాదు. మధ్యలోనే ఆగిపోతుంది. ఎవరో పట్టుకున్నట్టు నా మణికట్టు దగ్గర చల్లగా ఉంటుంది.